తాబేలు బదులు ఉడుత

స్వరూప కథల్లో మాటలు ఎక్కువ. ఈ సంగతి ఆమెకూ తెలుసు. ఏ మాటలు ఎక్కువో మాత్రం తెలియదు.

"ఇది తీసెయ్యొచ్చేమో చూడమ్మా" అని పురుషోత్తం మాస్టారు ఏదో ఒక వాక్యం మీద వేలు పెడితే, ఆమె ఆ వాక్యం తరఫున వకాల్తా పుచ్చుకునేది. అది అక్కడ ఎందుకు ఉండి తీరాలో చెప్పేది. ఆమె చెప్పడం పూర్తయ్యేసరికి మాస్టారు వేలు తీసేసి కాఫీ తాగుతూ ఉండేవారు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగింది.

"మాస్టారూ, మీరు నాలుగు మాటల్లో తేల్చేస్తారు. నేను రాస్తే నలభై అవుతాయి. ఎక్కువైన మాట ఏదో మీకెట్లా తెలుస్తుంది?"

మాస్టారు ఆమె చేతిలోని కాగితాల వంక చూశారు. గుట్ట అవతల ఏముందో చూడాలని బయలుదేరిన తాబేలు పిల్ల కథ అది. అప్పుడే సాపు రాసి తెచ్చింది.

"ఇవి ఇక్కడ ఉంచి వెళ్లు" అన్నారు.

ఆమె అడిగినదానికి జవాబు చెప్పలేదు.

పురుషోత్తం మాస్టారు ఒకప్పుడు బడిలో డ్రాయింగు టీచరు. పరీక్షలు అయిపోయి, సెలవులు ఇంకా ఇవ్వని రోజుల్లో పిల్లల్ని కుదురుగా కూర్చోబెట్టడానికి నల్లబల్ల మీద బొమ్మ గీస్తూ కథ చెప్పేవారు. గంట కొట్టేలోపు బొమ్మా పూర్తవ్వాలి, కథా పూర్తవ్వాలి. అక్కడ అబ్బింది ఆయనకు ఆ పొదుపు. తర్వాత పిల్లల మాసపత్రికలు ఆయన కథల్ని అడిగి వేసుకున్నాయి. పుస్తకాలొచ్చాయి. ఇళ్లల్లోకి టీవీలు వచ్చిన కొత్తలో టీవీ వాళ్లు కూడా పిలిచి, చేతిబొమ్మలతో ఒక కార్యక్రమం రాయమన్నారు.

అందులో నల్లన్న అని ఒక కాకి ఉండేది. ఎవరేమడిగినా "నాకేం తెలుసు, నేను కాకిని కదా" అనేది. కాసేపటికి, ఆ అడవిలో అన్నీ తెలిసింది దానికేనని పిల్లలు పసిగట్టేవాళ్లు. ఆ రోజుల్లో లెక్క తప్పిన పిల్లలు టీచరుతో ఆ మాటే అని చెవి మెలిపెట్టించుకునేవాళ్లు. అలా మెలిపెట్టించుకున్నవాళ్లలో స్వరూప ఒకతె.

తర్వాత ఛానెళ్లు పెరిగాయి. బొమ్మలు పోయి, పెద్దవాళ్లలా ముస్తాబు చేసుకున్న పిల్లలు డాన్సులు చేయడం మొదలైంది. మాస్టారిని పిలవడం మానేశారు. ఆయన కోపగించుకోలేదు. మళ్లీ పుస్తకాలు రాసుకుంటూ నల్లకుంటలోని తన ఫ్లాట్‌లో కూర్చున్నారు.

ఇన్నేళ్లకి ఒక ఛానెల్ వాళ్లు మళ్లీ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు. చేతిబొమ్మల కార్యక్రమాన్ని మళ్లీ మొదలుపెడతారట. ఈ వయసులో వారం వారం రాయలేనని ఆయన చెప్పేశారు. అయితే రాసేవాళ్లని మీరే చూపించండి అన్నారు వాళ్లు. మొదటి కథ ఎవరిదైతే, ఇక కార్యక్రమమంతా వాళ్లే రాయాలి.

ఆ పని తనకి రావాలని స్వరూప ఎంత కోరుకుందో ఇంట్లో వాళ్లకే తెలుసు. కాగితాలు ఉంచి వెళ్లమన్నది అందుకేననుకుంది. ఇక ఫోను వస్తుందనుకుంది.

ఫోను రాలేదు.

వారం పోయింది. నెల పోయింది. "చూశారా మాస్టారూ?" అంటే "చూస్తున్నాను" అనేవారు. ఇంకో నెల పోయింది. "చూస్తున్నాను" అనే అన్నారు.

స్వరూపకి అనుమానమంటే తెలియదనడం అబద్ధమవుతుంది. పాలపాకెట్ మీద తేదీ చూడనిదే కత్తెర పెట్టదు. స్కూలు బస్సు డ్రైవరు మారితే, కొత్తాయన పేరేమిటో, ఎన్నాళ్లుగా బస్సు నడుపుతున్నాడో కనుక్కోనిదే కొడుకుని ఎక్కించదు. పిల్లలున్న ఇంట్లో ఇదేమీ తప్పు కాదు. మాస్టారి దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రం ఆమె ఆ గుణాన్ని చెప్పులతోపాటు గుమ్మం బయటే విడిచి వెళ్లేది. దాన్ని లోపలికి తీసుకొచ్చింది అచ్యుతంగారు.

అచ్యుతంగారు ఆదివారం అనుబంధాల్లో వ్యాసాలు రాస్తారు. ఒక పుస్తకావిష్కరణ సభలో టీ తాగుతూ స్వరూపని పలకరించారు.

"ఏమ్మా, ఏం రాస్తున్నావు?"

"తాబేలు కథ ఒకటి రాశానండీ. మాస్టారి దగ్గరుంది."

"ఎన్నాళ్లుగా?"

చెప్పింది.

"కాపీ ఉందిగా నీ దగ్గర?"

"లేదండీ. సాపు రాశాక చిత్తుప్రతులు చింపెయ్యమంటారు మాస్టారు. వెనక్కి చూసుకోవడానికి ఏమీ మిగలకూడదంటారు."

అచ్యుతంగారు టీ కప్పు మెల్లగా కింద పెట్టారు.

"మంచి పద్ధతే. ఆయనకి" అన్నారు. తర్వాత నవ్వేశారు. "ఏం లేదులే. టీవీ రోజుల్లో వారం వారం అన్ని కథలు ఒక్క మనిషికి ఎక్కణ్నుంచి వచ్చేవా అని అప్పట్లో అనుకునేవాళ్లం. ఊరికే అన్నానమ్మా, మనసులో పెట్టుకోకు."

ఇక మనసులో పెట్టుకోవడం తప్ప ఇంకేముంది?

ఆ తర్వాత నుంచి స్వరూప మాస్టారింటికి వెళ్లేది కథ కోసం కాదు. కాపలా కాయడానికి. ఒకరోజు ఆమె లోపలికి రాగానే ఆయన బల్ల మీద కాగితాల పైకి దినపత్రిక జరిపారు. గాలికి ఎగరకుండా జరిపారని పోయినేడాదైతే అనుకునేది. ఫ్యాను తిరగడం లేదని ఇప్పుడు గమనించింది. ఛానెల్ పేరున్న కారు మాస్టారి ఫ్లాట్ కింద ఆగి ఉంటే, "ఎవరో వచ్చినట్టున్నారు?" అని అమాయకంగా అడిగింది. "ఎవరో వస్తూనే ఉంటారమ్మా" అన్నారాయన. ఆ జవాబుని ఆమె దారి పొడుగునా అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంది.

ఒక సాయంత్రం తలుపు తీసే ఉంది. మాస్టారు బాల్కనీలో ఫోనులో మాట్లాడుతున్నారు. వినికిడి తగ్గినవాళ్లు మాట్లాడినట్టు కాస్త గట్టిగానే.

"జంతువుల్ని మార్చెయ్యి. మార్చేస్తే ఇక ఎవరిదో పోల్చుకోలేరు."

స్వరూప చెప్పులు విప్పలేదు. వచ్చిన దారినే మెట్లు దిగిపోయింది.

"అంటే నీ తాబేలుని మార్చి వాళ్లకిచ్చేస్తున్నారంటావు" అన్నాడు ఫణి. ఆమె భర్త. కొడుకు యూనిఫాం ఇస్త్రీ చేస్తున్నాడు.

"నేనేమీ అనడం లేదు. నా చెవులారా విన్నాను."

"ఆయన్నే అడిగెయ్."

"అడిగితే ఒప్పుకుంటారా ఎవరైనా?"

"మరేం చేస్తావు? ముద్దాయి ఫొటో పోలీస్ స్టేషన్లో అంటిస్తావా?"

"నీకు నవ్వులాటగా ఉంది. నాకు ఆయన తండ్రిలాంటివారు, ఫణీ" అంది. ఫణి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు. ఇక ఎగతాళి చెయ్యలేదు.

ఆమె మాత్రం నిశ్చయించుకుంది. చాటుగా అడిగితే చాటుగానే దాటేస్తారు. పట్టుకుంటే నలుగురిలో పట్టుకోవాలి.

మర్నాడు మాస్టారే ఫోను చేశారు.

"బుధవారం స్టూడియోలో రిహార్సలుంది. కొంతమంది పిల్లలు కూడా వస్తారు. నువ్వూ రామ్మా."

"ఏ కథండీ?" అంది స్వరూప, గొంతులో ఏమీ తెలియనివ్వకుండా.

"చూద్దువుగాని."

స్టూడియోలో ఒక మూల మనిషి ఎత్తున నల్లటి తెర కట్టారు. దాని వెనక ఖాజాగారు నిలబడి, రెండు చేతులకీ బొమ్మలు తొడుక్కుంటున్నారు. పాత రోజుల్లో నల్లన్నకి గొంతు ఇచ్చింది ఆయనే. ఇప్పుడు జుట్టు పూర్తిగా నెరిసింది. దగ్గర్లోని బడి నుంచి పిల్లల్ని తీసుకొచ్చి తెర ముందు చాపల మీద కూర్చోబెట్టారు. కార్యక్రమం చూసుకునే వినీల అనే అమ్మాయి స్వరూపకి కుర్చీ వేయించింది.

మాస్టారు కుర్చీలో కూర్చోలేదు. పిల్లల మధ్యకి వెళ్లి, చాప మీద, తెరకి వీపు పెట్టి కూర్చున్నారు. బొమ్మలు ఆడేది ఆయన వెనక. ఆయన చూసేది పిల్లల ముఖాల్ని.

'నా పక్కన కూర్చోలేక' అనుకుంది స్వరూప.

తెర పైన రెండు ఉడుతలు లేచాయి. తల్లీ పిల్లా.

"అమ్మా, గుట్ట అవతల ఏముంది?" అంది ఉడుత పిల్ల.

స్వరూప కుర్చీ చేతుల్ని పట్టుకుంది. గుట్ట తనది. ఆ ప్రశ్న తనది. తాబేలుని తీసి ఉడుతని పెట్టారు, అంతే! అప్పుడే లేచి అరవాల్సింది. చివరిదాకా ఆగాలని, ఒక్క ఆధారం కూడా జారిపోకూడదని, పళ్లు బిగించుకుని కూర్చుంది.

తల్లి ఉడుత జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టింది. ఎండలో తిరగకు. తెలియని కాయలు నోట్లో పెట్టుకోకు. కొత్తవాళ్లు పిలిస్తే వెళ్లకు. వాగు దగ్గర ఆగు, ఆగి రెండు వైపులా చూడు. ఎవరేమిచ్చినా తీసుకోకు. చెబుతూనే ఉంది. పైకెత్తి పట్టుకున్న ఖాజాగారి చెయ్యి లాగేస్తున్నట్టుంది, తల్లి ఉడుత తల మెల్లగా తెర అంచు మీదికి వాలిపోసాగింది. చాపల మీద పిల్లలు ఒకళ్ల జడలు ఒకళ్లు లాక్కుంటున్నారు.

ఎట్టకేలకి పిల్ల ఉడుత బయలుదేరింది. దారిలో గుడ్లగూబ అడ్డం వచ్చింది.

"ఒక్కదానివే వస్తున్నావా?" అంది గుడ్లగూబ, తియ్యగా.

ఉడుత పిల్ల ఆగింది. వెనక్కి చూసింది. వెనక ఎవరూ లేరు.

"మా అమ్మ వెనకాలే వస్తోంది" అంది.

జడలు లాక్కుంటున్న చేతులు ఆగిపోయాయి. ఎవరో ఊపిరి గట్టిగా పీల్చడం వినబడింది.

అప్పుడు ఉడుత పిల్ల పిల్లలవైపు తిరిగి, "చూశారా పిల్లలూ, ధైర్యమంటే ఇదే. సమయస్ఫూర్తి అంటే ఇదే" అంది. పీల్చిన ఊపిరి వదిలేసి పిల్లలు మళ్లీ కదిలారు.

చివర్లో ఉడుత పిల్ల ఇంటికి తిరిగొచ్చింది. తల్లి దాన్ని కావలించుకుని చాలాసేపు ఏడ్చింది. ఎందుకు ఏడుస్తోందో కూడా చెప్పింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. టీచరు కొట్టమంది కాబట్టి.

స్వరూప లేచి నిలబడింది.

"ఇది నా కథ" అంది.

వినీల నవ్వబోయి ఆగింది. "ఏమన్నారు మేడమ్?"

"నా కథ. తాబేలు కథ. మాస్టారికి చదవమని ఇచ్చాను. తాబేలుని ఉడుతని చేస్తే నేను పోల్చుకోలేననుకున్నారు." చాప మీదున్న మాస్టారి వైపు తిరిగింది. "ఇంత పెద్దమనిషి! అడిగి ఉంటే ఊరికే ఇచ్చేదాన్ని కదండీ! దొంగతనం ఎందుకు చేశారు?"

తెర పైనుంచి ఖాజాగారి తల లేచింది. పక్కనే చేతికున్న తల్లి ఉడుత కూడా లేచి, రెండూ స్వరూపనే చూశాయి. పిల్లలు చప్పుడు చెయ్యకుండా కూర్చున్నారు. కథలో కంటే ఇక్కడే బాగున్నట్టుంది వాళ్లకి.

మాస్టారు చాప మీద నుంచి లేవలేదు.

"నీదేనని ఎట్లా చెప్పగలవమ్మా?"

"ఎట్లా అంటే? గుట్ట నాది. 'మా అమ్మ వెనకాలే వస్తోంది' అన్న అబద్ధం నాది. ఆ ఒక్క మాట కోసమే నేను కథంతా రాశాను. తీసుకుంటే తీసుకున్నారు, పాడు కూడా చేశారు!"

"ఎక్కడ పాడైంది?"

"ఎక్కడేమిటి? ఆ తల్లి జాగ్రత్తలు! గుమ్మం దగ్గరే అన్నేసి చెబితే ఆ పిల్ల గుట్ట ఎక్కేదెప్పుడు? ఖాజాగారి చెయ్యే పడిపోయింది పాపం."

"అవునాంటీ" అంది ముందు వరసలో ఒక పిల్ల. "ఆ అమ్మ ఆపనే ఆపలేదు."

"ఇంకా?" అన్నారు మాస్టారు.

"ధైర్యమంటే ఇదేనని ఉడుత చెప్పడమేమిటి? పిల్లలకి అప్పటికే ఒళ్లు జలదరించింది. చెప్పి చల్లార్చేశారు. ఎవరు కలిపారో గానీ, పిల్లలంటే బొత్తిగా నమ్మకం లేని మనిషి."

"ఇంకా?"

"చివర ఏడుపు. అది పిల్లల కోసం కానే కాదు. ఇంట్లో టీవీ ముందు, పిల్లల వెనకాల సోఫాలో కూర్చున్న తల్లిదండ్రుల చేత కళ్లు తుడిపించడానికి." ఆమెకి ఎక్కడలేని స్పష్టత వచ్చేసింది. ఏ మాట దగ్గర కథ కుంటిందో, ఏ మాట దగ్గర నిద్రపోయిందో ఒక్కొక్కటీ వేలెత్తి చూపించింది. మాస్టారు ప్రతిదానికీ తల ఊపుతూ విన్నారు. ఆమె ఆగాక తెర వైపు తిరిగారు.

"ఖాజా, నీ సొంతం ఏమైనా కలిపావా?"

"నేనెందుకు కలుపుతాను మాస్టారూ!" అన్నారు ఖాజాగారు, భుజం రాసుకుంటూ. "తాబేలు బొమ్మ ఉండగా ఉడుతతో పనేమిటంటే మీరే కదా ఫోనులో ఉడుతను పెట్టమన్నారు. కొంగకి బదులు గుడ్లగూబ అన్నారు. అవి తప్ప ఒక్క మాట ముట్టుకుంటే ఊరుకోనన్నారు. ముట్టుకోలేదు. కావాలంటే నా భుజాన్నడగండి."

ఖాజాగారు చేతికున్న తల్లి ఉడుతని ఊడదీసి పక్కన పెట్టారు.

"ఇదివరకు మీరు రాసినవైతే, మీరే వచ్చి సగం కొట్టేసి పోయేవారు" అని గొణిగారు ఖాజాగారు. "నల్లన్నకి ఒక వారం రెండు మాటలే మిగిల్చారు. దీన్ని మాత్రం ముట్టుకోవద్దని ఎందుకన్నారో, నాకేం తెలుసు."

స్వరూప తెర వెనక్కి వెళ్లింది. బొమ్మలాడించేవాళ్లు చూసి చదువుకోవడానికి వీలుగా కాగితాల్ని తెరకి లోపలివైపు క్లిప్పులు పెట్టి తగిలిస్తారు. వరసగా తగిలించి ఉన్నాయి. గుండ్రటి అక్షరాలు. తన అక్షరాలు.

ఎండలో తిరగకు. తెలియని కాయలు నోట్లో పెట్టుకోకు.

కొడుకు మొదటిసారి స్కూలు వాళ్లతో ఎక్స్‌కర్షన్‌కి వెళ్లిన రోజు అది. బస్సు కదిలిపోయాక కూడా వాడికి చెప్పాల్సినవి ఆమె నోట్లో మిగిలిపోయాయి. ఇంటికొచ్చి ఈ పేజీ రాసింది. ఒక్క మాట కూడా కొట్టివేయకుండా, ఒక్క ఊపులో. ఎంత బాగా వచ్చిందో అనుకుంది.

పక్క కాగితం చూసింది. ధైర్యమంటే ఇదే. తనదే. చివరి కాగితం దగ్గరికి వెళ్లకుండానే తెలిసిపోయింది.

తెర అవతల పిల్లల్లో ఎవరో, "ఆంటీ దొంగని పట్టుకుందా?" అని గుసగుసగా అడుగుతున్నారు.

ఆమె బయటికి వచ్చేసరికి మాస్టారు మోకాళ్ల మీద చేతులు ఆనించి, లేవడానికి తంటాలు పడుతున్నారు. ఆమె వెళ్లి చెయ్యి అందించింది. ఆయన పట్టుకుని లేచారు.

"మాస్టారూ, నేను మిమ్మల్ని..."

"దొంగన్నావు. విన్నాంలే, అందరం విన్నాం" అన్నారాయన, పంచె దులుపుకుంటూ.

వినీల దగ్గరికొచ్చింది. ఎవరి ముఖం చూడాలో తెలియక ఇద్దరి ముఖాలూ చూసింది. "అయితే మాస్టారూ, మొదటి కథ సంగతి?"

"వచ్చే బుధవారం ఇంకోసారి రిహార్సలు పెట్టు. ఈసారి తాబేలుతో."

స్వరూప తెరకున్న కాగితాలు ఒక్కొక్కటే విప్పి తీసుకుంది. గుమ్మం దగ్గర తల్లి జాగ్రత్తలున్న పేజీ దగ్గర ఆగిపోయింది. వకాల్తా పుచ్చుకోవడానికి లోపల ఎవరో అప్పుడే గొంతు సవరించుకుంటున్నారు.

"ఇందులో ఏవి ఉంచాలి మాస్టారూ?" అంది.

మాస్టారు ఆ కాగితం వైపు చూడనైనా చూడలేదు.

"నన్నడక్కమ్మా. ఈమధ్య నన్ను ఎట్లా చూశావో, దాన్ని అట్లా చూడు."